ఎడమ పక్క బాక్సు

ఇరవై ఆరేళ్ల నర్సు ఉద్యోగం నాకు చాలా నేర్పింది. దొరకని నరం వెతికి సూది ఎక్కించడం, మాత్ర మింగనని మొండికేసే ముసలివాళ్లను గదమాయించడం, డాక్టరు కోపాన్ని ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయడం అన్నీ వచ్చు. మా ఆయన రూబెన్ చేతిలోంచి కారు తాళం తీసుకోవడం మాత్రం రాలేదు.

రూబెన్ ముప్పై ఏళ్లు మదనపల్లెలో టాక్సీ తోలాడు. వేలూరుకు రోగుల్ని, తిరుపతికి భక్తుల్ని, బెంగళూరు విమానాల దగ్గరికి కువైట్ పోయేవాళ్లను దింపి వచ్చేవాడు. పోయిన ఏడాది కళ్లు చూపిస్తే నీటికాసుల జబ్బు అన్నారు. ముందరి చూపు బాగానే ఉంటుంది, పక్క చూపు కొంచెం కొంచెంగా తగ్గిపోతుంది. తగ్గినట్టు ఆ మనిషికి తెలియను కూడా తెలియదు. ఎడమ కన్ను బాగా దెబ్బతిన్నది, ఇక బండి తోలొద్దని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. ఆ పరీక్షలో చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కాలి. ఈయన సగం చుక్కలకు నొక్కలేదు. బయటికి వచ్చి, "ఆ మిషన్ చెడిపోయుండాది ఫ్లోరా. సుక్క వస్తే కదా నేను నొక్కేది" అన్నాడు.

ఆ మాటే పట్టుకొని కూర్చున్నాడు. కారు అమ్మనివ్వడు. తాళం బియ్యం డబ్బాలో దాస్తే రెండో తాళం తీశాడు, అదీ దాస్తే మూడోది చేయించుకున్నాడు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఒకసారి గుర్రంకొండకు, ఒకసారి పుంగనూరుకు పోయివచ్చాడు. రెండుసార్లూ నాకు ఊరివాళ్లు చెప్పారు. మళ్లీ తీస్తే ఎవరో ఒకరు చస్తారు, ఆయనో, రోడ్డు మీద పోయేవాళ్లో. ఆ భయంతో వార్డులో ఫోను మోగితే చాలు, చేతిలో పని వదిలేసి పరుగెత్తేదాన్ని.

అంగళ్లులో ఇంజనీరింగ్ చదివే మా కూతురు హర్షిత ఒక ఉపాయం చెప్పింది. "మమ్మీ, డాడీకి ఇంట్లోనే బండి పెడదాం. రేసింగ్ సిమ్యులేటర్ అంటారు. ఎంత తోలినా ఎవురికీ ఏం కాదు." పాత సామాన్ల అంగట్లో కారు సీటు ఒకటి తెచ్చి ఇనుప చట్రానికి బిగించింది. కాలేజీలో సీనియర్ దగ్గర స్టీరింగు, పెడళ్లు తీసుకుంది. ముందర ఒకటి, పక్కల రెండు, మొత్తం మూడు టీవీలు పెట్టింది. ఇది ఆయనకు నచ్చితే కారు తాళం మరిచిపోతాడని నేను దేవునికి మొక్కుకున్నాను.

రూబెన్ అందులో పది నిమిషాలు కూర్చుని లేచాడు. "శవాన్ని తోలినట్లుండాది" అన్నాడు. "బండి అంటే నడుముకు వినపడాల. ఇంజను బాగుండాదో లేదో సీటు చెప్తాది. ఈడ ఏముండాది, దోమ గుయ్యిమన్నట్ల ఆ చిన్న స్పీకరు."

హర్షితకు ఫోన్ చేస్తే నవ్వింది. "డాడీ చెప్పేది కరెక్టే మమ్మీ. సరౌండ్ సౌండ్ పెట్టాల, సీటు కింద బాస్ షేకర్ పెట్టాల. నాకు పరీక్షలుండాయి, ఈ రెండు వారాలు హాస్టల్లోనే ఉంటాను. నువ్వే నలుగుర్ని అడిగి ఏది మంచిదో సూడు." నలుగుర్ని అడగమని చెప్పడం తేలిక. అడిగిన తర్వాత ఉన్న కాస్త తెలివీ పోతుందని ఆ పిల్ల చెప్పలేదు.

మొదట మదనపల్లెలోనే ఒక టీవీల అంగడికి పోయాను. ఫైవ్ పాయింట్ వన్ కావాలా, సెవెన్ పాయింట్ వన్ కావాలా అన్నాడు అంగడివాడు. నాకు తెలిసిన పాయింటు మందు డోసుల్లోదే. ఐదు బాక్సులు సరే, ఆ పైన పదోవంతు బాక్సు ఏమిటని అడిగితే, అది బరువు శబ్దాలకు పెట్టే వేరే బాక్సు అన్నాడు. మరి దాన్ని ఆరు అనొచ్చు కదా అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, మూరెడు పొడవున్న ఒకే ఒక్క కడ్డీని ముందర పెట్టి, ఇందులో ఏడూ ఉన్నాయన్నాడు. ఏడు బాక్సులు ఒక కడ్డీలో ఎట్లా పట్టాయని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మా సంఘ పెద్ద జ్ఞానప్రకాశం అన్నను అడిగాను. నలభై ఏళ్లుగా మా చర్చిలో మైకు సెట్టు చూసేది ఆయనే. "రెండు బాక్సులు చాలమ్మా" అన్నాడు. "ఎడమ ఒకటి, కుడి ఒకటి. ఎనక వరసలో కూర్చున్నోళ్లకు వాక్యం వినపడితే అయిపాయ." మా ఇంట్లో వెనక వరస లేదు, కూర్చునేది ఒక్కడే అన్నాను. "అట్లయితే ఒకటి చాలు" అన్నాడు.

పుంగనూరులో వెంకటముని అని ఉన్నాడు. ఒకప్పుడు సినిమా హాల్లో సౌండు చూసేవాడు, ఇప్పుడు పెళ్లి ఊరేగింపులకు డీజే బండి కడతాడు. ఆయన నన్ను షెడ్డులోకి తీసుకుపోయి బీరువా అంత బాక్సులు రెండు చూపించాడు. "ఇవి పెట్టుకో అక్కా. గుండె అదరాల. అదరకపోతే అది బాసే కాదు." ఒక్కసారి పెట్టి చూపించాడు. నా గుండె అదిరింది, పక్కన మేకల మంద చెదిరింది. కానీ ఆ అదురు నాలుగు దిక్కుల నుంచీ ఒకేలా వచ్చింది. బండి ఏ పక్క నుంచి వస్తుందో ఇందులో ఎట్లా తెలుస్తుందని అడిగితే, "తెలిసేదేముండాదక్కా, అన్ని పక్కలా వస్తాది" అన్నాడు.

ఊరికంతా ఒక దారి, ఉలిపికట్టెకొక దారి అంటారు. ఇక్కడ ఊరంతా ఉలిపికట్టెలే. ఇల్లు చేరేసరికి నా తలలో ఐదు, ఏడు, రెండు, ఒకటి కలిసి తిరిగాయి. రాసుకున్న కాగితం చూస్తే నా రాత నాకే అర్థం కాలేదు. వారం రోజులు ఏదీ తేల్చుకోలేక ఊరికే ఉన్నాను, ఆ వారంలో రూబెన్ ఆ సీటు వైపు కూడా చూడలేదు.

చివరికి హర్షిత కుప్పంలో వరుణ్ అనే అబ్బాయి నంబరు ఇచ్చింది. బెంగళూరు కంపెనీ ఉద్యోగం ఇంట్లో కూర్చుని చేస్తాడు, సిమ్యులేటర్ పెట్టుకున్నాడు. సెలవు పెట్టి బస్సెక్కాను. పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరేసరికి నా నడుముకే బోలెడు వినపడింది.

"ఆంటీ, ముందు కూర్చోండి, తర్వాత మాట్లాడదాం" అన్నాడు వరుణ్. నన్ను సీట్లో కూర్చోబెట్టి, వెనక నుంచి తానే ఏదో మీట నొక్కాడు. సీటు సన్నగా ఒణికింది. రోడ్డు అంచు దిగి గరుకు తొక్కినట్టు తొడ కింద గరగరమన్నది. అంతలో నా వెనక కుడిపక్క ఏదో బండి వచ్చింది. నేను ఉలిక్కిపడి గోడ వైపు తిరిగి చూశాను. అక్కడ దేవుడి పటం, క్యాలెండరు తప్ప ఏమీ లేవు.

"రెండూ వేరే వేరే ఆంటీ" అన్నాడు ఆ అబ్బాయి. "ఎవురు యాడ నుంచి వస్తాండారో చెవి చెప్పాల. రోడ్డు ఎట్లుండాదో సీటు చెప్పాల. అందుకే చెవికి బాక్సులు, ఒంటికి షేకరు." షేకరు తీసి చేతిలో పెట్టాడు. గుండ్రటి ఇనుప దిమ్మ, దోసెడంత ఉంది. దానికి శబ్దం లేదు, ఒణుకు ఒక్కటే. సీటు అడుగున మరలతో బిగిస్తే మనిషిని కదిలిస్తుంది. చిన్న గదికి ఐదు బాక్సులు చాలు, ఏడు పెడితే చెవి తికమకపడుతుంది అన్నాడు. షేకర్లు నాలుగు మూలలా నాలుగు పెట్టుకునేవాళ్లు ఉన్నారు, మొదట ఒక్కటి చాలు అన్నాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే దిక్కు ఇంకా బాగా తెలుస్తుంది అని కూడా అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను మళ్లీ మొదటికి వచ్చాను.

హెడ్‌ఫోన్ సంగతి రూబెనే తేల్చాడు. "చెవులు మూసుకొని బండి తోలేదా? ఎనకోడు హారన్ కొడితే యాడ వినపడ్తాది?" అన్నాడు. ఆయన ఆ మాత్రం మాట్లాడినందుకే నాకు సంతోషమైంది. ఐదు బాక్సులు, ఒక షేకరు, వాటికి ఆంప్లిఫైరు తెప్పించాను.

బిగించడానికి జ్ఞానప్రకాశం అన్న వచ్చాడు. మొదట ప్రార్థన చేశాడు, తర్వాత టీవీల ముందర నిలబడి, సీటు వైపు చూస్తూ వైర్లన్నీ పరిచాడు. చర్చిలో వాడే తెల్ల టేపు ముక్కల మీద "ఎడమ", "కుడి" అని రాసి ఒక్కో వైరుకూ అంటించాడు. హర్షిత హాస్టల్ నుంచి ఫోనులో, "ఎడమ వచ్చిందా పెదనాన్నా?" అని అడిగింది. "వచ్చిందమ్మా." "కుడి?" "వచ్చింది." అంతా సరిపోయిందన్నారు. షేకరును మాత్రం సీటుకు కాకుండా కింది ఇనుప చట్రానికి బిగించాడు, గట్టిగా ఉంటుందని.

ఆటలో ఇంజను స్టార్టు చేసి ఐదు నిమిషాలు కాలేదు, కింది ఇంట్లో ఉండే పాపక్క ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. "ఫ్లోరమ్మా, యాడ బోరేస్తాండారు? గిన్నెలన్నీ కదలాడ్తాండాయి. రెండు వీధులు తిరిగొచ్చినా, బండి యాడా కనపళ్లే." మా వైపు వెయ్యి అడుగులు దిగితే కానీ నీళ్లు పడవు. పక్కన ఎవరైనా ఇంకా లోతుకు దింపితే మన బోరు ఎండిపోతుంది. పాపం ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఎవురు ఏస్తాండారో చెప్పు తల్లీ, కాళ్లు పట్టుకుంటా" అంది.

రూబెన్ నవ్వాడు. ఏడాది తర్వాత ఆయన పళ్లు చూశాను. పాపక్కను సీట్లో కూర్చోబెట్టి బోరు ఎక్కడుందో చూపించాడు. తర్వాత తానే షేకరు విప్పి సీటు అడుగుకు మార్చాడు. పాత టైరు ట్యూబు కోసి, చట్రం కాళ్ల కింద నాలుగు మడతలు వేశాడు. కింద గిన్నెలు ఆగిపోయాయి, ఒణుకంతా సీట్లోనే నిలిచింది. "ఇప్పుడు పానమొచ్చింది" అన్నాడు. ఆ పూట నేను ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేశాను, ఆయన ఏమీ అనకుండా తిన్నాడు.

శనివారం మధ్యాహ్నం అసలు రేసు పెట్టుకున్నాడు, మిగతా కార్లతో కలిసి. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఎడమ టీవీలో ఒక ఎర్ర కారు పక్కకు వచ్చింది. ఆయన చటుక్కున కుడిపక్కకు తల తిప్పాడు. మరుక్షణం ఎర్ర కారు ఎడమ నుంచి గుద్దింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ కుడికే చూశాడు, ఎడమనే గుద్దించుకున్నాడు. మూడోసారీ అంతే.

"కుడి పక్క వాడు కూస్తాండాడు, ఎడమ పక్క గుద్దుతాండాడు. ఏం మిషన్ ఇది?" అన్నాడు.

ఎర్ర కారు ఎడమన రావడం నేను కళ్లారా చూశాను. శబ్దం కుడిన వినపడిందని ఆయన అంటున్నాడు. నేనున్న తలుపు దగ్గరికి అన్ని శబ్దాలూ ఒకే వైపు నుంచి వచ్చి పడుతున్నాయి, నాకేమీ తెలియడం లేదు. కన్ను చాలదన్నట్టు చెవి కూడా పోయిందేమో అనుకుని టార్చి వేసి ఆయన చెవులు చూశాను. శుభ్రంగా ఉన్నాయి. హర్షితకు ఫోన్ చేస్తే సెట్టింగులన్నీ సరిగా ఉన్నాయి అంది. జ్ఞానప్రకాశం అన్నకు చేస్తే, "ఎడమ ఎడమే, కుడి కుడే. నలభై ఏళ్ల నుంచి చేస్తాండా" అని కోపగించుకున్నాడు. అందరూ సరిగానే ఉన్నారు. మరి తప్పు ఎక్కడుందో చెప్పేవాళ్లు లేరు.

రూబెన్ సీట్లోంచి లేచాడు. "కళ్లాసుపత్రి మిషనూ ఇంతే, ఇదీ ఇంతే. మిషన్లు అబద్ధం చెప్తాయి, నా కండ్లు కాదు. సోమవారం పుంగనూరులో మా తమ్ముడి కొత్తింటి ప్రతిష్ఠ ఉండాది కదా, నేనే బండి తోలుకొని పోతాండా. నువ్వు వస్తే రా, లేదంటే బస్సుకు రా."

"వద్దప్పా" అన్నాను. గదమాయించడం వచ్చిన దాన్ని, ఆ పూట బతిమాలాను. ఆయన తాళం జేబులో వేసుకుని కారు తుడవడానికి దిగిపోయాడు.

ఆదివారం చర్చికి పోయాను కానీ నా మనసు సోమవారం మీదే ఉంది. మా చర్చిలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. పీఠం వైపు తిరిగి కూర్చుంటే ఆడవాళ్లది ఎడమ పక్క. నా నెత్తి మీదే ఒక బాక్సు ఉంటుంది. పాస్టరు అయ్యగారు వాక్యం మొదలుపెట్టగానే ఆ బాక్సు గరగరమని ఆగిపోయింది. జ్ఞానప్రకాశం అన్న పీఠం పక్కన నిలబడి మా వైపు చూస్తూ మైకు తీసుకున్నాడు. "కుడి పక్క బాక్సు ఆగిపోయింది అయ్యగారూ, ఒక్క నిమిషం" అన్నాడు.

నేను తలెత్తి చూశాను. ఆగింది నా ఎడమ బాక్సు. ఆయనకు అది కుడి. నలభై ఏళ్లుగా ఆయన పీఠం దగ్గర నిలబడి, సంఘం వైపు తిరిగి వైర్లు తగిలించాడు. మా ఇంట్లో కూడా టీవీలను పీఠం చేసుకుని, సీటును సంఘం చేసుకుని నిలబడ్డాడు. ఆయన ఎడమ చేతి బాక్సు రూబెన్‌కు కుడి చేతి పక్కన ఉంది. ఫోనులో హర్షిత అడిగినప్పుడు ఎడమ వచ్చిందని చెప్పింది కూడా అట్లా నిలబడే. తప్పు రూబెన్ చెవిది కాదు, వైరుది. నాకు ఎంత సంతోషమైందంటే, ఆ రోజు వాక్యం ఏమిటో ఇప్పటికీ తెలియదు.

ఆరాధన అయిన వెంటనే ఇంటికి వచ్చి, చీర కూడా మార్చకుండా టీవీల వెనక దూరాను. ఎడమ అని టేపు ఉన్న వైర్లు తీసి కుడివాటి చోట, కుడివి తీసి ఎడమ చోట పెట్టాను. ముందర రెండు, వెనక రెండు. మధ్య బాక్సును ముట్టుకోలేదు. రూబెన్‌ను పిలిచి చర్చిలో జరిగిందంతా చెప్పాను.

"సూసినావా, మిషన్‌దే తప్పని నేను చెప్పలా?" అన్నాడు.

"నువ్వు చెప్పిందే నిజమప్పా. ఒక్కసారి కూర్చో" అన్నాను. ఆయన గెలిచినట్టు కూర్చున్నాడు. ఆ గెలుపు ఆయనకిచ్చి, సోమవారం ప్రయాణం ఎట్లాగైనా మాన్పించాలన్నది నా లెక్క.

ఇంజను అందుకుంది. సీటు కింద షేకరు మెల్లగా మొదలై గేరు మారినప్పుడల్లా ఒక తోపు తోస్తోంది. ఆయన భుజాలు దిగాయి, చేతులు స్టీరింగు మీద పాతకాలం లాగా తేలికగా పడ్డాయి. ఈసారి నేను సీటు వెనకే నిలబడ్డాను. వెనక నుంచి ఒక కారు వచ్చే శబ్దం నాకూ వినపడింది. అది ఎడమకు జరిగింది, దగ్గరైంది, మా పక్కకు వచ్చింది.

"ఎడమ పక్క వస్తాండాడు" అన్నాడు రూబెన్, నేను చెప్పకముందే. ముఖం తిన్నగా ముందుకే ఉంచి కంటి కొసతో చూశాడు. "యాడ?" అన్నాడు. శబ్దం అక్కడే ఉంది. "ఫ్లోరా, ఎడమ టీవీ ఆరిపోయిందేమో సూడు."

"లేదప్పా. ఎలుగుతాండాది."

ఆయన బ్రేకు తొక్కాడు. పక్క కారు కూడా ఆగింది. అది ఆటలోని ఏర్పాటో, దారి ఇరుకై ఆగిందో, నాకు తెలియదు. ఎర్ర కారు ఎడమ టీవీ నిండా నిలబడి గుర్రుగుర్రుమంటోంది. రూబెన్ తల పూర్తిగా తిప్పి దాన్ని చూశాడు. మళ్లీ ముఖం ముందుకు పెట్టాడు. మళ్లీ తిప్పాడు. నాలుగైదుసార్లు అట్లా చేశాడు. శబ్దం ఎక్కడికీ పోలేదు. ఆయనకు బొమ్మ బండి ఇద్దామనుకున్నాను కానీ ఇట్లా చేద్దామని కాదు. ఆ వైర్లు మార్చకపోతే బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది, ఆ తర్వాత అట్లా అనిపించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఆయన స్టీరింగు మీద చేతులు తీయలేదు.

"పోయిన నెల పుంగనూరుకు పోయినాను కదా. తిరిగి వచ్చేది బడి ఇడిసే టైము. ఎప్పుడూ రోడ్డు పొడుగూతా బిడ్డలుంటారు, మెల్లగా పోవాల్సి వస్తాది. ఆ పొద్దు ఎడమ పక్క ఒక్క బిడ్డ కనపళ్లే ఫ్లోరా. సెలవేమో, రోడ్డు ఖాళీగా ఉండాదని ఎనబైలో వచ్చేసినా."

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. సీటు ఒణుకు ఆ భుజం గుండా నా చేతికి తెలుస్తోంది.

"ఎవురికీ ఏం కాలేదులేప్పా" అన్నాను.

ఆయన తల తిప్పి, నన్ను పూర్తిగా తన ముందరికి తెచ్చుకుని చూశాడు.

"అది నాకెట్ల తెలుస్తాది?" అన్నాడు.